అ నుంచి ఱ దాకా గడగడా చెప్తుంది, విడిగా చూపిస్తే గుర్తుపట్టదు. రాత ఎక్కడ మొదలుపెట్టాలి?

#1 వానచినుకు
పాపకి అయిదేళ్లు నిండాయి. వర్ణమాల పాటలా ఆపకుండా చెప్తుంది. చార్టులో ‘డ’ మీద వేలు పెట్టి ఇదేంటి అంటే మళ్లీ ‘ట’ దగ్గర్నుంచి పాడుకుంటూ వస్తుంది. అదే అక్షరం విడి కార్డు మీద చూపిస్తే తెలీదు. రాతలో ఇంకో చిక్కు. రాసిన అక్షరం చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ చివర మొదలుపెట్టి వెనక్కి గీస్తుంది. పెన్సిల్ గుప్పిట్లో బిగించి పట్టుకుంటుంది. బడిలో రోజుకో అక్షరం పేజీ నిండా రాసుకు రమ్మంటున్నారు, సగం పేజీకే చెయ్యి నొప్పి అంటోంది. ముందు ఏది సరిచెయ్యాలి? గుర్తుపట్టడమా, పట్టా, దిశా?

#2 ఒకటోతరగతి_టీచర్
పాట నోటికొచ్చింది, అక్షరం కంటికి రాలేదు. రెండూ వేరు. చార్టు గోడ మీంచి తీసి ఒక నెల పక్కన పెట్టండి. అది ఉన్నంతకాలం పాప చోటు చూసి చెప్తుంది, ఆకారం చూడదు.

ఒకసారికి మూడే కార్డులు. ఒకదానికొకటి బొత్తిగా పోలిక లేనివి: ర, జ, ఊ లాంటివి. మూడు మెట్లు. మొదట మీరే చెప్పాలి: “ఇది ర, ఇది జ.” రెండోది: “జ ఏది? నా చేతిలో పెట్టు. ర ఏది? దిండు కింద దాచు.” ఇది కనీసం పదిసార్లు, ఆటలా. ఆఖరున మాత్రమే “ఇదేంటి?” అని అడగాలి. చాలామంది మొదటి మెట్టు మీంచి మూడోదానికి దూకుతారు, రెండోది ఎగరగొడతారు. అక్షరం కుదురుకునేది ఆ రెండోదాంట్లోనే.

మూడో మెట్టులో తప్పు చెప్తే “కాదు” అనకుండా వెనక్కి, మొదటి మెట్టుకి వెళ్లండి. కార్డులు కలిపి పదిసార్లు చూపిస్తే ఎనిమిదిసార్లు తడుముకోకుండా చెప్పాలి. మర్నాడు కూడా అలాగే చెప్తేనే కొత్త అక్షరం.

#3 చేతిరాత_మాస్టారు
దిశ సంగతి వదిలెయ్యకండి. ఆకారం బాగుంది కదా అనుకుంటారు గానీ వెనక్కి గీసే చేతికి వేగం రాదు. రేపు గుణింతం వచ్చాక దీర్ఘం, గుడి తగిలించాల్సిన చోటికి చెయ్యి రాదు. చెయ్యి ఎత్తి మళ్లీ పెడుతుంది, అక్కడ అక్షరం విరుగుతుంది.

అలాగని రాసింది చెరిపించొద్దు. పక్కన కొత్తగా మీరు గీసి చూపించండి, గీస్తూ నోటితో చెప్పండి. గ కి “కింద నుంచి పైకి, గొడుగులా తిరిగి మళ్లీ కిందికి. ఇప్పుడు తలకట్టు.” పాప కూడా అదే మాట అంటూ గీయాలి. మాట చేతిని నడిపిస్తుంది. మొదలు దగ్గర పచ్చ చుక్క, ఆఖరు దగ్గర ఎర్ర చుక్క పెడితే చాలు, బాణాలక్కర్లేదు.

వరస ఎప్పుడూ ఒకటే: ముందు అక్షరం ఒళ్లు, తరవాత తలకట్టు, తరవాత అడుగు గీత, చుక్క ఉంటే ఆఖరున. తలకట్టు ఒకే గీత, కిందికి చిన్నగా దిగి పైకి పొడుగ్గా లేస్తుంది. రెండు ముక్కలుగా గీయనివ్వకండి.

#4 మెలికముగ్గు
మాస్టారూ, అ ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఇంటికో తీరుగా ఉంది కదా?

#5 చేతిరాత_మాస్టారు
@మెలికముగ్గు ఉంది. బడిలో టీచరు ఏ తీరు చూపిస్తున్నారో కనుక్కుని ఇంట్లోనూ అదే పట్టుకోండి. రెండు దారులు చూపిస్తే పిల్ల మూడోది కనిపెడుతుంది.

#6 అంగన్‌వాడీ_మంథని
పెన్సిలే ఇప్పుడొద్దు అక్కా. ఒక స్టీలు తాంబాళం తీస్కొని బొంబాయి రవ్వ పల్చగ పరవండి, మీ వేలి గోరు మందం చాలు. ఎక్కువ పోస్తే గీసిన గీత కూలిపోతది, తక్కువైతే గీత కనపడదు. చూపుడు వేలుతో రాయాలె, ఊపితే మాయమైతది. తప్పు కాగితం మీద మిగలది కాబట్టి పిల్లలకు భయముండది.

ఇంకోటి, నేల మీద సుద్దతోని మూరెడు అక్షరం రాసి దాని మీద చింతపిక్కలు పేర్పియ్యండి. మొదలు ఏ దిక్కున్నదో ఆ దిక్కు నుంచే పేర్చాలె, ఎటుపడితే అటు కాదు. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు కలిపి పిక్క పడితే ఆ మూడు వేళ్లే రేపు పెన్సిల్ పడ్తయి. చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే మాత్రం పిక్కలు పక్కన పెట్టుకొని చూస్తుండాలె, నోట్లె పెట్టుకుంటరు.

#7 మెలికముగ్గు
ముగ్గు కూడా కలుపుకోండి. తెలుగు అక్షరానికి కావాల్సినవి గుండ్రాలు, మెలికలు, మొదలైన చోటికి తిరిగొచ్చి కలవడం. తాటాకు మీద గంటంతో నిలువు, అడ్డ గీతలు లాగితే ఆకు చీలుతుంది, మన లిపి గుండ్రబడ్డది అందుకే అంటారు. మూడు చుక్కల మెలికముగ్గు వేసే పిల్లకి ర సున్నా మూసుకోకుండా మిగలదు.

#8 చిట్టిచేతులు_ఓటీ
నేను పిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్టుని. చెయ్యి నొప్పి గురించి.

గుప్పిట పట్టు అంటే వేళ్లు కదలట్లేదు, మణికట్టూ భుజమూ పని చేస్తున్నాయి. సగం పేజీకి నొప్పి రావడం సహజం. మూడు వేళ్ల పట్టు చాలామంది పిల్లల్లో నాలుగున్నర, ఆరేళ్ల మధ్య కుదురుతుంది. “సరిగ్గా పట్టుకో” అని వంద సార్లు చెప్పినా ప్రయోజనం తక్కువ, వస్తువు మార్చండి. క్రేయాన్లు విరిచి మూడు సెంటీమీటర్ల ముక్కలివ్వండి. అంత చిన్న ముక్కని గుప్పిట్లో పట్టి గీయడం కష్టం, వేళ్లు వాటంతటవే ముందుకొస్తాయి. పెన్సిల్ అయితే సగానికి కోసింది, 2బి లాంటి మెత్తనిది. ముల్లు నుంచి రెండు సెంటీమీటర్ల పైన రబ్బరు బ్యాండు చుడితే వేళ్లు అక్కడ ఆగుతాయి. చిటికెన వేలు, ఉంగరం వేలు కింద చిన్న దూది ఉండ దాచుకోమనండి, ఆ రెండూ ముడుచుకుని మిగతా మూడూ పనిలోకి వస్తాయి.

గోడకి చార్టు వెనకవైపు అంటించి నిలబడి గీయించండి, రోజూ అయిదు నిమిషాలు. నిలువు మీద గీస్తే మణికట్టు వెనక్కి వంగుతుంది. రాతకి కావాల్సిన వాటం అదే.

కూర్చోవడం కూడా చూడండి. కాళ్లు గాల్లో వేలాడుతుంటే చెయ్యి నిలవదు. కాళ్ల కింద పీట వెయ్యండి, బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి. నేల మీదైతే మఠం వేసుకుని ఒళ్లో అట్ట పెట్టుకోవడం కన్నా ముందు చిన్న రాతబల్ల మేలు.

పేజీ నిండా రాయడం వద్దని బడిలో మాట్లాడండి. అయిదు అక్షరాలు రాయించి, అందులో తనకి నచ్చినదాని చుట్టూ గీత గీయమనండి. ఆరోది దాటాక పిల్ల నమూనా చూడదు, పైన తను రాసినదాన్నే చూసి దించుతుంది. తప్పు ఉంటే అదే తప్పు పేజీ అడుగు దాకా దిగుతుంది.

#9 వర్ణమాల_వెంకట్
ఇవన్నీ బాగున్నాయి గానీ అక్షరాల వరస తీసెయ్యమనడం నాకు నచ్చలేదు. మన వర్ణమాల అంత శాస్త్రంగా ఉన్నది తక్కువ. కంఠం నుంచి పెదాల దాకా క చ ట త ప. ఆ వరస పోతే గుణింతం పట్టుబడదు, రేపు నిఘంటువు చూడ్డం రాదు.

#10 ఒకటోతరగతి_టీచర్
@వర్ణమాల_వెంకట్ గారూ, వరస నోటికి ఉండాలి. పాట మానమని నేననలేదు, చార్టు తియ్యమన్నాను. చెవికి క ఖ గ ఘ పక్కపక్కన ఉండటం అందమే. కంటికి, చేతికి అది మంచి వరస కాదు. మొదటి రోజే అ చేతికిస్తున్నాం, లోపలికి చుట్టుకున్న ఆకారం అది. మూడో రోజు ఇ, ఇంకా కష్టం. పైగా అ ఆ, ఉ ఊ, ఎ ఏ, ఒ ఓ జంటలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఇ ఈ మాత్రం ఏ పోలికా లేకుండా వేరు. “దీర్ఘం తీస్తే ఇలా మారుతుంది” అని మనం చెప్పిన సూత్రం అక్కడే విరుగుతుంది.

#11 వర్ణమాల_వెంకట్
ఇ ఈ సంగతి ఒప్పుకుంటాను. అయినా నోటి వరస రోజూ ఒకసారి ఉండాల్సిందే.

#12 వానచినుకు
మరి రాతకి ఏ అక్షరాలు ముందు? ఎన్నేసి?

#13 ఒకటోతరగతి_టీచర్
వారానికి మూడు, నాలుగు. చెయ్యి ఒకేలా తిరిగేవి, పిల్లకి వెంటనే పదం అయ్యేవి.

మొదట ర, గ, డ, ద. తరవాత వ, మ, య, ప. ఆపైన ట, ల, జ, బ. ఆ తరవాత త, న, స, క, చ. అచ్చులు విడిగా ఒక దండుగా కాదు, మధ్యమధ్య పదానికి కావాల్సినప్పుడు అందుకోండి: అ, ఆ, ఈ, ఉ, ఊ, ఓ. ఇలా చేస్తే రెండో నెలకల్లా గద, వల, జడ, ఈగ, ఓడ, ఆట, పడవ, ఊయల, ఉడత, పలక చదివేస్తుంది. ఒక్క గుణింతం గుర్తు కూడా అక్కర్లేదు.

ఒత్తక్షరాలు ఖ ఛ ఠ థ ఫ లాంటివి ఆఖరున. ఙ, ఞ విడిగా రాయించి లాభం లేదు, వాటితో మొదలయ్యే పదమే పిల్లకి ఉండదు. ఌ, ౡ పాటలో ఉంటే ఉండనివ్వండి, చేతికి వద్దు.

ఒక్క జాగ్రత్త. చెయ్యి ఒకేలా తిరిగేవి రాతలో కలిపి నేర్పాలి. గుర్తుపట్టే కార్డుల్లో మాత్రం వాటినే విడదియ్యాలి. డ, ద ఒకే రోజు కార్డుల్లో వద్దు. డ గట్టిపడ్డ వారానికి ద.

#14 పలకబలపం
పలక ఎవరూ అనలేదేంటి? మార్కాపురం రాతి పలక దొరికితే ప్లాస్టిక్‌ది కొనకండి. రాయి మీద బలపం కొంచెం ఒరుసుకుంటుంది, ఆ గరుకుకి చేతికి గీత ఎక్కడుందో తెలుస్తుంది. ప్లాస్టిక్ పలక, వైట్‌బోర్డు మీద మార్కరు జారిపోతాయి, ఆపడం రాదు. పలక మీద మీరు బలపంతో పెద్ద అక్షరం రాయండి, పాప తడి వేలితో అదే దారిలో తుడవాలి, తరవాత పొడి గుడ్డతో అదే దారిలో, ఆపైన బలపంతో తనే. ఒక అక్షరం మూడుసార్లు చేతిలోంచి పోయింది, ఒక్కసారే రాసినట్టుంటుంది.

#15 చిట్టిచేతులు_ఓటీ
తడి వేలి పద్ధతి చాలా మంచిది. పలకతో రెండు జాగ్రత్తలు. బలపం మరీ చిన్నదైతే గోరు గీసుకుంటుంది, మూడు సెంటీమీటర్లకి తగ్గాక పడెయ్యండి. బలపాలు, సుద్ద తరచూ తింటుంటే అలవాటులే అని తిట్టి వదలొద్దు. ఇనుము లోపం ఉన్న పిల్లల్లో ఇది కనిపిస్తుంది, డాక్టరుకి చూపించి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

#16 శాక్రమెంటో_నాన్న
బజార్లో చుక్కల అక్షరాల పుస్తకాలున్నాయి కదా, చుక్కల మీద దిద్దేవి. అవి వాడొచ్చా? మావాడు రోజుకి నాలుగు పేజీలు దిద్దుతాడు, పుస్తకం మూస్తే ఒక్కటీ రాయలేడు.

#17 చేతిరాత_మాస్టారు
అదే దానితో చిక్కు. పిల్లాడు చుక్కకీ చుక్కకీ మధ్య గీత గీస్తున్నాడు, అక్షరం రాయట్లేదు. చెయ్యి ఒక్కో చుక్క దగ్గర ఆగుతుంది.

#18 అంగన్‌వాడీ_మంథని
నేను ఒప్పుకోను మాస్టారూ. అస్సలు రాని పిల్లలకు దిద్దుడు లేకుంటే చెయ్యి ఎట్ల తిప్పాల్నో ఎట్ల తెలుస్తది? మన పెద్దలంత దిద్దే నేర్చుకున్నరు.

#19 చేతిరాత_మాస్టారు
దిద్దడం వద్దనట్లేదమ్మా, చుక్కలు వద్దంటున్నాను. పూర్వం పలక మీద గుండ్రంగా రాసిచ్చిన నిండు గీత మీద దిద్దించేవారు. ఇప్పుడు పసుపు రంగు హైలైటరుతో లావుగా రాసివ్వండి, దాని మీద ఆపకుండా ఒకే ఊపులో రెండుసార్లు దిద్దాలి. మూడోసారి పక్కన ఖాళీలో, నమూనా మూసేసి. ఆ మూడోదాని కోసమే మొదటి రెండూ.

#20 అంగన్‌వాడీ_మంథని
గట్లయితే సరే. మూసేసి రాపిచ్చుడు నేను చేస్తలేను, ఇక చేస్తా.

#21 శాక్రమెంటో_నాన్న
ఇంకో సంగతి. త అంటే ట కార్డు ఇస్తాడు, ద అంటే డ. ఆకారం తేడా తెలుసు. శబ్దమే కలిసిపోతోంది.

#22 ఒకటోతరగతి_టీచర్
రోజంతా ఇంగ్లీషు వినే పిల్లలకి ఇది మామూలే. ఇంగ్లీషు ‘టీ’ మన త కీ ట కీ మధ్య ఎక్కడో పలుకుతుంది, అందుకే రెండూ వాళ్ల చెవికి ఒకటే. కార్డులు పక్కన పెట్టి అద్దం ముందు కూర్చోబెట్టండి. త, ద అన్నప్పుడు నాలుక కొస పైపళ్ల వెనక తగలాలి, అద్దంలో కనిపిస్తుంది. ట, డ అన్నప్పుడు నాలుక వెనక్కి మడుస్తుంది, కనిపించదు. “నాలుక కనిపించిందా లేదా” అన్నదే ఆట. తల అన్నారా టల అన్నారా, దడ అన్నారా డడ అన్నారా వింటూ చెయ్యెత్తాలి. రెండు వారాలు చెవికి, ఆ తరవాతే అక్షరానికి.

ఒకే పూట ఇంగ్లీషు అక్షరాలు, తెలుగు అక్షరాలు రాయించకండి. నాలుగు గీతల ఇంగ్లీషు కాపీ పుస్తకంలో తెలుగు రాయించడం కూడా వద్దు. గుడి పైకి, వత్తు కిందికి ఎంత పోవాలో ఆ గీతలు చెప్పవు. మొదట గీతల్లేని కాగితం, తరవాత రెండు సెంటీమీటర్ల గళ్లు, ఒకటో తరగతి చివరికి వెడల్పు గీతల పుస్తకం.

#23 పలకబలపం
ఒత్తక్షరాలు ఎలా చెప్తున్నారు? ద ధ థ దగ్గర అందరూ కూలబడతారు.

#24 చేతిరాత_మాస్టారు
కొత్త అక్షరాలుగా చెప్పొద్దు, పాత అక్షరానికి ఏం చేరిందో చెప్పండి. ద కి అడుగున గీత చేరితే ధ. ధ కడుపులో చుక్క పెడితే థ. పిల్లలు దాన్ని “బొట్టు మింగిన ధ” అంటారు, అలాగే అననివ్వండి. డ ఢ, చ ఛ, ప ఫ ఇవన్నీ అడుగు గీతే. ర కడుపులో చుక్క పెడితే ఠ. బ భ దగ్గర మాత్రం రెండు మార్పులు: అడుగు గీతతో పాటు తలకట్టు కూడా వస్తుంది, బ కి అది లేదు. పిల్లలు అడుగు గీత గీసి తలకట్టు మర్చిపోయేది అక్కడే. తలకట్టు లేని హల్లులు గోడ మీద రాసి పెట్టుకోండి: ఖ ఙ జ ఞ ట ణ బ ల ఱ.

అక్షరం తిరగేసి రాయడం కన్నా ఇలా చుక్కో గీతో వదిలెయ్యడమే తెలుగులో ఎక్కువ చూస్తాం. రాశాక “తల చూడు, కడుపు చూడు, కాలు చూడు” అని మూడు చోట్ల వేలు పెట్టించండి.

#25 ఎడమచేతి_అమ్మ
ఎడమచేతి పిల్లలకి ఏం మార్చాలి? ఇంట్లో పెద్దవాళ్లు చెయ్యి మార్పించమంటున్నారు.

#26 చిట్టిచేతులు_ఓటీ
మార్పించొద్దు. కాగితం ఒంటికి ఎడమవైపు జరపండి, పైఅంచు కుడికి వాలేలా ముప్పై డిగ్రీలు తిప్పండి. కుడిచేతి పిల్లలకి దీనికి తిరగేసి, పైఅంచు ఎడమకి. పెన్సిల్ ముల్లుకి మూడు సెంటీమీటర్ల పైన పట్టుకోవాలి, లేకపోతే రాసింది తన చేతికిందే పోతుంది, చూడ్డానికి మణికట్టు కొక్కెంలా వంచుతాడు. నమూనా అక్షరం పేజీకి కుడివైపు రాసివ్వండి. ఎడమవైపు రాస్తే దాన్ని తన చెయ్యే మూసేస్తుంది.

#27 వానచినుకు
మొదటి పదంగా ‘అమ్మ’ రాయించాలని ఉంది.

#28 ఒకటోతరగతి_టీచర్
చదవనివ్వండి, బొమ్మలా గుర్తుపడుతుంది. రాయించడానికి మాత్రం తొందరపడకండి, అందులో మ వత్తు ఉంది. ఆ వత్తుకి మ పోలికే ఉండదు. క, త, న, మ, య, ర, ల వత్తులు అక్షరానికి వేరుగా ఉంటాయి, వాటిని విడిగా నేర్పాలి. మిగతా చాలావాటికి తలకట్టు తీసేసి కింద చిన్నగా రాస్తే వత్తు అయిపోతుంది, గడ్డలో డ లాగా.

#29 వర్ణమాల_వెంకట్
గుణింతం ఎప్పుడు మొదలెట్టాలి? నేనైతే హల్లులన్నీ అయ్యాక అంటాను.

#30 ఒకటోతరగతి_టీచర్
అంతదాకా ఆగక్కర్లేదు. పదిహేను హల్లులు వచ్చాక దీర్ఘం ఒక్కటి మొదలుపెట్టండి, వచ్చిన అక్షరాలన్నిటికీ అదే తగిలించాలి: గాలి కాదు, గాజ, మామ, జామ, బావ. గాజు, గాలి కొమ్ము, గుడి వచ్చాక. క కా కి కీ అని ఒక అక్షరానికి అన్ని గుర్తులూ ఒకేసారి రాయిస్తే అది మళ్లీ పాటే అవుతుంది.

ఇక్కడ పిల్లలు తరచూ చేసే తప్పు, కా రాసి తలకట్టు కూడా ఉంచెయ్యడం. దీర్ఘం, గుడి, ఎత్వం, ఒత్వం వస్తే తలకట్టు తన చోటు ఇచ్చేస్తుంది. కొమ్ము వస్తే ఉండిపోతుంది. కి లో లేదు, కు లో ఉంది. కార్డుబోర్డు మీద తలకట్టు లేని క రాసి, గుర్తులు విడి ముక్కలుగా కత్తిరించి ఇవ్వండి. తలకట్టు ముక్క తీస్తే తప్ప గుడి ముక్క పట్టని విధంగా ఒకే చోట గాటు పెడితే వివరించక్కర్లేదు. మా, యా ల దీర్ఘం వేరేగా అంటుతుంది, అవి విడిగా చూపించండి.

#31 చేతిరాత_మాస్టారు
పై పోస్టులో ‘గాజ’ పదం కాదు. దీర్ఘానికి ‘పాట, మాట, బాట, తాత, దానవ’ తీసుకోండి. కొమ్ము దగ్గర ఇంకొకటి. పు, ఫు, వు లకి కొమ్ము పక్కన కాదు, అడుగు నుంచి మొదలవుతుంది. వ కి పక్కన కొమ్ము తగిలిస్తే మ లా కనబడుతుంది, ప కి తగిలిస్తే ఘ లా. పిల్లకి ఈ కారణం చెప్పండి, ఇక మర్చిపోదు.

#32 ఒకటోతరగతి_టీచర్
అవును మాస్టారూ, గాజ నా పొరపాటు. మామ, జామ, బావ ఉంచుకోండి.

#33 మెలికముగ్గు
ఎన్నాళ్లు చూసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి?

#34 చిట్టిచేతులు_ఓటీ
అయిదేళ్లకి ఇవేవీ రాకపోయినా కంగారు లేదు. కళ్లు, చెవులు మాత్రం ఇప్పుడే ఒకసారి చూపించండి, చుక్క కనిపించని పిల్లకి ర ఠ ఒకటే. రోజూ పది నిమిషాలు ఇలా నేర్పినా ఏడేళ్లు దాటాక కూడా నిన్న వచ్చిన అక్షరం ఇవాళ పోతుంటే, పదంలో అక్షరాలు తారుమారవుతుంటే అప్పుడు నిపుణుల చేత పరీక్ష చేయించాలి.

#35 వానచినుకు
మూడు వారాలైంది. చార్టు తీసేశాం. రవ్వ పళ్లెం, తడి వేలు, క్రేయాన్ ముక్కలు. పదకొండు అక్షరాలు కలిపి చూపిస్తే తడుముకోకుండా చెప్తోంది. గ, ర మొదలు సరైన చోట పెడుతోంది. బడిలో అయిదుకి ఒప్పుకున్నారు. ప దగ్గర ఆగాం, తలకట్టు తెచ్చి ఒంటికి అంటించేస్తోంది.

#36 చేతిరాత_మాస్టారు
వ తరవాత వెంటనే ప చెప్పినట్టున్నారు. వ కి తలకట్టు అంటుతుంది, ప కి అంటదు, పైన విడిగా ఉంటుంది. ఫ, ష, స, హ లకీ అంతే. పలక మీద ప ఒళ్లు రాశాక దాని పైన ఒక బియ్యపుగింజ పెట్టి, గింజ కదలకుండా దానికి పైన తలకట్టు గీయమనండి. నాలుగు రోజులు గింజతో, అయిదో రోజు గింజ తీసేసి.